అమ్మ వైపు కిటికీ

హలో… ఆ, నేనేనమ్మా, హెదర్‌ని. ఫ్రాన్సులో నీకు ఇంకెవరు ఫోన్ చేస్తారు?

ఎక్కడిదాకా వచ్చారు?… ఇంకో గంటేగా! ఇక్కడ సెలవుల ఇంట్లో పిల్లలు నిన్నట్నుంచీ ఈతకొలను వదలట్లేదు. మేం విమానం దిగి రోజు దాటింది. మీరు ఇంగ్లండులో, డాన్‌కాస్టర్‌లో కారెక్కి ఇది మూడో రోజు.

…నాకు వినపడింది. చెప్పు నాన్నకి, విమానంలో టీ కుడితిలాగే ఉంది, ఆయన ఫ్లాస్కులోదే అమృతం. సరేనా?

నాతో మాట్లాడడా? మీక్కూడా టిక్కెట్లు కొంటానన్నందుకు ఇంకా అలకేనా? బాగుంది.

తిన్నారా?… చెట్టు కిందా? గుడ్డు శాండ్‌విచ్‌లేనా, మళ్లీ?

నీ భయం ఎలా ఉంది? ఓడ దిగినప్పట్నుంచీ లారీలన్నీ నీ మొహం మీదికే వస్తున్నాయన్నావు… మరి వస్తాయి. మన కారులో స్టీరింగు కుడివైపు. వీళ్లేమో రోడ్డుకి కుడిపక్కన నడుపుతారు. ఎడమ సీట్లో ఉన్నావు కాబట్టి రోడ్డు మధ్యవైపు ఉండేది నువ్వే.

…తగ్గిందా? హమ్మయ్య.

ఏం పూలు?… పొద్దుతిరుగుడా? చెయ్యి చాపితే అందేంత దగ్గర—

అమ్మా.

ఎవరి కిటికీ పక్కన? నీ పక్కనా, నాన్న పక్కనా?

…

తిని బయల్దేరినప్పట్నుంచీ అంతేనా?

అమ్మా, కారాపమను. ఇప్పుడే. నవ్వకు! చేను నీ పక్కన ఉండకూడదు. మీరు మన ఊళ్లోలాగే ఎడమపక్కన పోతున్నారు!

…రోడ్డు ఖాళీగానే ఉంటుంది, ఎదురుగా ఏదో వచ్చేదాకా!

ఏమంటున్నాడు?… యాభై ఏళ్ల అనుభవం సరే, ఇవాళ పొరపాటు పడ్డాడు! ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టు. నాన్నా! నాన్నా, ఇది విమానం గొడవ కాదు. నీదే గెలుపు, ఒప్పుకుంటున్నా. ఆపు నాన్నా, నీకు దణ్ణం పెడతాను—

…తోసేశాడా? పట్టిన కుందేలుకి మూడే కాళ్లు!

అమ్మా, విను. ముందర ఏముంది?… మిట్టా? అవతల కనపడుతోందా?… వద్దు, ఎక్కనివ్వకు! నాకు భయమేస్తోంది. ఆయన బండి నడుపుతుంటే నువ్వు ఏనాడూ నోరెత్తలేదు, నాకు తెలుసు. ఇవాళ ఒక్కసారి అరువమ్మా. గట్టిగా. నాకు వినపడేలా—

…

ఆ హారనెవరిది?

అమ్మా?

అమ్మా! హలో!… హలో?… దేవుడా, ఎవరైనా మాట్లాడండి…

…

అమ్మా! దెబ్బలు తగిలాయా?… నాన్నకి?… నిజం చెప్పు.

లారీ?… పోయిందా. ఆపకుండానే పోయిందా. మీరెక్కడ?… చేలోనా? పూల మధ్యనా?

స్టీరింగు నువ్వు లాగావా? …నువ్వా?

ఏడువు. ఏడవమ్మా, ఫరవాలేదు. నేనూ ఏడుస్తున్నాను. ముందు కారు దిగండి. రోడ్డుకి దూరంగా, చేలోనే కూర్చోండి. ఏ ఊరు దాటారో చెప్పు… ఆ, తెలుసు. అద్దె కారుంది, ఇప్పుడే బయల్దేరుతున్నా.

ఏంటి?… ఇవ్వు.

నాన్నా.

…

లేదు. నిన్నెవరూ ఏమీ అనరు. అమ్మ చెయ్యి వదలకు, చాలు. నేను వచ్చేస్తున్నా.

…ఆ, నాన్నా. కుడిపక్కనే. కుడిపక్కనే వస్తాను.