పుక్కిట పట్టిన నీళ్ళు

కారయ్యని ఒకడు. తెప్పేసుకుని సంద్రంలో సేపల ఏటకెల్లీవోడు. ఆడి తల్లి దానమ్మ. ఈ దానమ్మకి ఒక అలవాటుందంట. ఏటంటే, ఇంట్లో పెద్ద సిక్కొచ్చినాదనుకో, పిల్లకి సంబందం ఒచ్చినాది ఇద్దామా మానీద్దామా, తుపానొచ్చీలాగుంది పేట ఇడిసి ఎల్దామా ఉందామా, అలాటప్పుడు ఎవులేటడిగినా మాటాడదు. పుక్కిట నీళ్ళట్టుకుని, కళ్ళు మూసుకుని, గుమ్మంలో కూకుండిపోద్ది. అంతే. పేటలో ఆడోళ్ళు, దానమ్మ నోట్లో సేపపిల్లని పెంచుతున్నాదే అని ఒకటే నవ్వులంట. కొడుక్కి మాత్రం సెప్పినాది. ఏటని సెప్పినాది? "ఒరే, నీళ్ళు పోసుకున్న కాసేపు సల్లగుంటాయి. ఇవి నీళ్ళు, ఇది నోరు అని తెలుస్తాది. మింగీయాలనిపిస్తాది, అది బయం. ఉమ్మీయాలనిపిస్తాది, అది కోపం. రెండూ సెయ్యకు. ముక్కుతో ఊపిరి తీసుకుంటా ఊరకుండు. ఉండగా ఉండగా నీళ్ళూ నోరూ ఒకటే ఎచ్చనయిపోతాయి. ఉన్నాయో నేవో తెలీదు. అప్పుడు లోపల ఏది కదిలితే అదే నీ మాట" అన్నాదంట. మీ తాతయితే ఇక్కడ బుగ్గలు పొంగించి సూపించీవోడు. నాకా పళ్ళు నేవు, కారిపోతాయి. ఏటి నవ్వుతారు, నిజమే గదా.

సరే, ఏటయినాదంటే, ఒకపాలి కారయ్య ఏటకెల్నాడు. ఒక్కడు కాదు. పెళ్ళాం అన్న ఎరకయ్య, పెళ్ళాం తమ్ముడు సిమ్మన్న, ముగ్గురూ ఒకే తెప్ప. ఎరకయ్యకి నోరు పెద్దది. సిమ్మన్నంటే పెళ్ళయి పసుపుబట్టలు కూడా మాయని కుర్రోడు. నడిసంద్రంలో ఉండగా గాలొచ్చీసినాది. ఎలాటి గాలనుకున్నారు! తెరసాప సిరిగిపోనాది, గంజికుండ కొట్టుకుపోనాది, తెప్పని ఈడ్సుకుంటా ఈడ్సుకుంటా లోపలికి, ఇంకా లోపలికి. గాలాగినాక సూస్తే ఏటుంది? ఏటీ నేదు. మబ్బొచ్చి నీటిమీద కూకున్నాది. పగలు పొద్దు నేదు, రేత్రి సుక్క నేదు. కొండ కనపడితే గదా ఒడ్డెటో తెలిసీది, ఆ కొండే నేదు. తెల్లగా, సుట్టూరా తెల్లగా, కుండలో పెట్టి మూతేసినట్టు. ఎటో ఒకేపు అని తెడ్డేసినారు, ఏసినారు, ఏసినారు, ఒడ్డు రాదు. ఆనపబుర్రలో తాగీ నీళ్ళు కొంచెం మిగిలితే గొంతు తడుపుకుంటా తడుపుకుంటా ఒచ్చినారు. ఆఖరికి బుర్ర అడుగున ఒక్క పుక్కిడి మిగిలినాది. సిమ్మన్న అప్పటికే తెప్పమీద అడ్డంగా పడిపోనాడు. నాలిక దళసరయిపోయి మాట రావట్నేదు.

ఇంక ఈలిద్దరికీ తగువు. ఎరకయ్య అంటాడూ, ఒడ్డు కుడిసేతేపు, నాను పిట్టని సూసినాను. పిట్టేటి నీకు దారి సెప్పీది, దాని సేపకోసం అదెల్లినాది, ఒడ్డు ఎడమేపే అని కారయ్య. "నీకేటి తెల్సురా, తెప్పకి తాడు కట్టడం నేర్పినోడ్ని నాను." "నేర్పినావులే బావా, నువ్వేసిన ముడే గాలికి ముందూడినాది." అలాగ. సచ్చీ ముందు కూడా మగోళ్ళకి అదే పని. కానీ కారయ్యకి లోపల తెల్సు, ఆడికేటీ తెలీదని. బావ కుడన్నాడు గనక ఈడు ఎడమన్నాడు, అంతే. ఇంక సేతుల్లో ఒక్కపాలి తోలీ సత్తువే ఉంది. ఒడ్డేపు తోలితే ఇల్లు. తప్పేపు తోలితే ముగ్గురికీ అదే ఆఖరు. మళ్ళా తిప్పుకొచ్చీది నేదు.

అప్పుడు కారయ్య ఏటి సేసినాడు? బుర్ర తీసినాడు. ఎరకయ్య, ఆ, నా తమ్ముడి నోట్లో పొయ్యి అన్నాడు. ఈడు పొయ్యనేదు. ఎత్తి తన నోట్లో ఒంపీసుకున్నాడు! ఇంకేటుంది, ఎరకయ్య తెడ్డు పైకెత్తీసినాడు. "నా తమ్ముడి నోటికాడ నీళ్ళు తాగీసినావురా! నువ్వొక మనిసివేనా! నా సెల్లినిచ్చినాను గదరా నీకు!" అని నెత్తిమీద ఎత్తిపట్టుకున్నాడు, దించితే కారయ్య తలకాయ పగిలిపోద్ది. కారయ్య ఏటి సెప్తాడు? తాగనేదు బావా అందామంటే నోరిప్పాలి, ఇప్పితే నీళ్ళు పోతాయి. కళ్ళు మూసుకుని కూకుండిపోనాడు. పైన తెడ్డు, కింద సంద్రం.

ముందు గొంతు లాగినాదంట. ఎండిపోయిన గొంతు గదా, మింగీ, మింగీ అని. మింగనేదు. ఎరకయ్య తిట్టకూడని తిట్టు తిట్టినాడు, తల్లినట్టుకుని. ఉమ్మీసి కలబడదామనిపించినాది. ఉమ్మనేదు. పెళ్ళాం అవుపించినాది, కొండ అవుపించినాది, రేపు తేలీ మూడు పీనుగులూ అవుపించినాయి. తెప్పకింద సేపలెల్లినట్టు ఒకటి ఎనక ఒకటి ఎల్లనిచ్చినాడు. దేన్నీ పట్టుకోనేదు. నీళ్ళు సల్లగున్నాయి. కాసేపటికి కొంచెం తగ్గినాయి. ఇంకాసేపటికి, నీళ్ళేవి? నోరేది? తెలీట్నేదు. బావ అరుపు దూరంగా ఎవులో ఎవుల్నో తిడుతున్నట్టుంది. అప్పుడు సూసుకుంటే, ఆడి ఒళ్ళు ఒక పక్కకి ఒరిగున్నాదంట. ఆడు ఒరగనేదు. అదే ఒరిగినాది, పొద్దోయినప్పుడు గొడ్డు సాలకేసి మెడ తిప్పినట్టు. ఎటేపు? కుడి కాదు, ఎడమా కాదు. ఎనక్కి! కళ్ళు తెరవకండా సెయ్యెత్తి ఎనక్కి సూపించినాడు.

ఎరకయ్యకి మతిపోనాది. "ఎనక్కా? ఇంతసేపూ తోలొచ్చిందంతా మళ్ళా ఎనక్కా? నీకు గాని పిచ్చెక్కినాదేటిరా?" అని వొంగి మొకం సూసినాడు. సూస్తే బుగ్గ పొంగుంది. ఏలెట్టి నొక్కినాడు. నీళ్ళు! తాగనేదు ఈడు! తెడ్డు అలాగే కిందకొచ్చీసినాది. కారయ్య పాక్కుంటా సిమ్మన్న కాడికెల్లి, దవడ పట్టుకుని, పిట్ట పిల్లకి పెట్టినట్టు నోట్లో నోరెట్టి ఆ నీళ్ళు ఒదిలినాడు. సుక్క సుక్క. సిమ్మన్న గుటకేసినాడు. కళ్ళిప్పి ఫస్టు ఏటన్నాడో తెల్సా? "థూ, సుట్ట కంపు బావా" అన్నాడంట.

ఇంక తోలినారు. ఎనక్కే. సేతులు బొబ్బలెక్కినాయి, బొబ్బలు పగిలినాయి, ఉప్పునీళ్ళు తగిలి మంట. ఎంత తోలినా తెలుపే. "తిప్పీద్దాంరా" అంటాడు ఎరకయ్య. కారయ్య తెడ్డేస్తాడు. "ఒరే, నీ కాళ్ళట్టుకుంటాను, తిప్పీద్దాంరా." ఆడికీ బయమే, బయం నేదని ఎవులన్నారు! తెడ్డు మాత్రం ఆపనేదు. ఎరకయ్య సెయ్యి జారిపోయి బోర్లా పడ్డాడు. పడ్డోడు పడ్డట్టే సెవి కర్రకానించి, "ఆగు, ఆగు" అన్నాడు. ఏటది? ఇరుగుతున్నాది. కెరటం ఇరుగుతున్నాది. కెరటం ఇరిగినాదంటే అక్కడ ఇసకుందన్నమాట!

ఇక్కడ ఒడ్డున ఏటవుతున్నాదంటే, పేటోళ్ళంతా దానమ్మ సుట్టూ మూగున్నారు. ఇంకేటి సూస్తావే, సంద్రం తీసుకున్నోళ్ళు ఒస్తారేటి, కోడలికి గాజులు తీసీయ్, అవ్వాల్సింది అవ్వనీ అని పెద్దోళ్ళు ఒకటే గోల. దానమ్మ ఇసకలో కూకునుంది, బుగ్గలు పొంగున్నాయి. రెండు సేతుల్తోనూ కోడలి మనికట్లు పట్టుకునుంది, గాజులమీంచి, ఎవులూ ముట్టకండా. అప్పుడు మబ్బులోంచి తెప్ప ఒచ్చి ఇసకకి తగిలినాది. ముగ్గురూ ఉన్నారు. దానమ్మ గుటుక్కున మింగినాది. మింగి, సేపలేవిరా అన్నాదంట!

ఎలాగ తెలిసినాదిరా నీకు అని ఎరకయ్య ముసిలోడయ్యీవరకూ అడుగుతానే ఉన్నాడంట. "నాకేటి తెల్సు బావా, నువ్వూ కాసేపు నోరు మూసుకునుంటే తెలిసీదేమో" అనీవోడంట కారయ్య.

అదీ కత. మీ తాతకి ఇష్టమయిన కత. మొన్న పెద్దాసుపత్రిలో ఆయన్ని గొట్టాల్తో ఉంచాలా, ఇంటికి తీసుకెల్తారా, నువ్వే సెప్పాలమ్మా అని డాక్టరు నన్నడిగితే, నానూ బల్లమీద కూకుని పుక్కిట పట్టినాను. ఎంతసేపో ఎచ్చబడనేదు. ఎచ్చబడ్డాక, ఇంటికే అన్నాను. కెరటం సప్పుడు సెవులారా ఇంటా పోనాడు. సరిగ్గా సేసినానో నేదో నన్నడక్కండి. కారయ్యకి ఒడ్డు అవుపించినాది గనక అది కతయినాది. నాకు మబ్బు ఇంకా ఇడనేదు.

సాల్లే, నా కత రికార్డు సేసింది సాలు, ఆపీయమ్మా ఫోను. ఆ నీళ్ళ గ్లాసిలాగియ్యి. ఏటలాగ సూస్తావు? తాగడానికేలే.