రాష్ట్రపతమ్మకు ఉత్తరం

2011. మానుకోటలో తహసీల్ ఆఫీసు ముందు అర్జీలు రాసే ఆయన దగ్గరికి తండా నుంచి ఒక తల్లి వచ్చింది.

“జర రాష్ట్రపతికి ఉత్తరం రాయన్నా. ఆమె సుత ఆడామెనే అంట గద.”

“ఏమని రాయాలె చెల్లె?”

“నా బిడ్డ సుమన అన్నం ముట్టక ఆరు దినాలాయె. దవాఖానల పండవెట్టిండ్రు. రాష్ట్రపతి తెలంగాణ ఇస్తనంటెనే తింటదట. ఆ ఒక్క మాట చెప్పుమని రాయి.”

“ఆమె తనంతల తాను ఇయ్యరాదు. బిల్లు పెట్టనీకి ఆమె సిఫారసు గావాలె, ఆఖరికి సంతకం గావాలె. గని ఢిల్లీల మంత్రులు చెప్పినట్టే చెయ్యాలె.”

“దేశానికే పెద్ద గదన్నా!”

“పెద్దనే. మంత్రుల మాట నచ్చకుంటె, మళ్ల ఆలోచించుండ్రని ఒక్కపారి తిప్పి పంపుతది. మళ్ల గదే మాట వస్తె కాదనరాదు.”

“అంటె నా బిడ్డ, ఆమె చేతుల లేనిదాన్ని ఆమెనే అడుక్కుంట సస్తున్నదా?”

ఆయన కలానికి మూత పెట్టాడు.

“ఉత్తరం వద్దన్నా. నాతోటి దవాఖానకు రా. గీ ముచ్చట దానికి చెప్పు.”

“నా మాట నమ్ముతదా?”

“నమ్మకుంటె, గిది నిజమేనా అని ఆ మంత్రులకే రాయుమను. రాయాలంటె చెయ్యి లేవాలె గద. గందుకన్న రెండు బుక్కలు తినుమను.”