సత్తెమ్మ కాచిన నీళ్ళు

శుక్రవారం పొద్దున ఆరున్నరకి, మొదటి బస్సు హారన్ కొట్టే వేళకి, నూకరత్నం పొయ్యి మీంచి చెంబు దించిందంట. ఆ నీళ్ళు దేనికనుకున్నారు? మామ గడ్డానికి. మామంటే వీరభద్రం, రేవులో పడవ టిక్కెట్లు కోసి కోసి రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా రోజూ గడ్డం గీసుకోవడం మాత్రం పోలేదు. పెళ్ళాం సత్తెమ్మ చచ్చిపోయాక ఏడాదిపాటు చన్నీళ్ళతోనే గీక్కున్నాడంట. కొడుక్కి పెళ్ళై ఈ పిల్ల కాపరానికొచ్చాక, అరుగు మీద అద్దం, బ్రష్షు సర్దుకుని "అమ్మాయ్, నీళ్ళు" అనడం మొదలెట్టాడు. ఏమైందంటే, ఏ నీళ్ళు తెచ్చినా ఆయనకి కుదరవు. గోరువెచ్చగా తెస్తే "ఇయ్యి దూడకి తాగించు" అంటాడంట. బాగా కాచి తెస్తే వేలు ముంచి, "నా మొహమేమన్నా కోడా, ఈకలు పీకడానికి?" అంటాడంట. చన్నీళ్ళు కలిపితే, కలిపిన నీళ్ళకి గడ్డం మెత్తబడదంటాడు. ఆఖర్న ఒకటే మాట, "మీ అత్త తెచ్చిన నీళ్ళు తగిలితే గడ్డం దానంతటదే ఊడొచ్చేది." పోనీ అత్తని అడుగుదామంటే, ఆవిడ గోడ మీద ఫొటోలో ఉందాయె.

అలా రోజూ అయ్యి అయ్యి, బుధవారంనాడు ఆయనకి విసుగొచ్చింది. "శుక్రవారం దాకా చూస్తాను, అప్పటికీ కుదరకపోతే మీ నాన్నకి కబురెడతాను, తీసుకెళ్ళి నీళ్ళు కాయడం నేర్పి పంపిస్తాడు" అన్నాడంట. నవ్వకండి. కాపరానికొచ్చి నెల తిరక్కుండా పిల్ల పుట్టింటికి తిరిగొస్తే, ఊళ్ళోవాళ్ళు నీళ్ళ గురించే అనుకుంటారా? మొగుడేమో లారీ మీద పోయి వారానికోసారి కనపడేవాడు, ఎవరితో చెప్పుకుంటుంది? ఆ శుక్రవారమే, చెంబు దించిందో లేదో, పక్కింటి దూడ కట్టు తెంచుకుని ఆరేసిన వడియాల మీదకొచ్చిందనుకోండి. పిల్ల చన్నీళ్ళు కలపడం మర్చిపోయి, పొగలు కక్కే చెంబు మామ ముందు పెట్టేసి పరిగెత్తింది. దూడని తోలి వచ్చేసరికి ఆయన "ఎవరిదే అది?" అన్నాడు. "బంగారమ్మ పిన్నిది మావయ్యా, కొమ్ము విరిగిన గేదె లేదూ, దాని దూడ." "దాని కొమ్ము విరగలేదు, పుట్టుకతోనే అంత." "విరిగింది మావయ్యా, కట్టు కట్టారు." "నాకు చెప్తావేంటి, ఆ గేదెని సంతలో బేరమాడిందే నేను." ఎలాగూ పుట్టింటికి పంపేస్తాడు కదా, ఇంక భయమెందుకనుకుంది పిల్ల. "మీరు బేరమాడినప్పుడు కొమ్ము బాగానే ఉంది. మొన్న మధ్యాన్నం గోడకేసి పొడుచుకుని విరగ్గొట్టుకుంది. మీరప్పుడు గురక పెడుతున్నారు" అనేసింది. ఆయన బ్రష్షు చెంబులో ముంచాడు. పిల్ల కళ్ళు మూసుకుంది. బ్రష్షు ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది. "ఇయ్యీ నీళ్ళంటే. ఇన్నాళ్ళూ ఏమైంది నీకు?" అన్నాడంట. "మరి మా నాన్నకి కబురు?" "పెట్టు, ఆదివారం వచ్చి నాలుగు రొయ్యలు తినిపొమ్మను." పిల్ల లోపలికెళ్ళి పొయ్యి ముందు చతికిలబడి, అప్పుడు ఊపిరి పీల్చుకుందంట.

తను ఏం చేసిందో తనకి తెలీదు. అదే పొయ్యి, అదే చెంబు. మర్నాడు కూడా మరిగేవే తెచ్చిపెట్టి, ఆ గేదెని ఎంతకి బేరమాడారని అడిగింది. ఆ రోజూ కుదిరాయి. వారం పోయాక, మజ్జిగ పోయడానికొచ్చిన బంగారమ్మని అడిగిందంట, మా అత్త నీళ్ళు ఎంత కాచేది పిన్నీ అని. బంగారమ్మ నవ్వి, "మీ అత్తకి నీళ్ళు కుదిరిందెప్పుడే? సలసలా కాగేవి తెచ్చి ఆయన ముందు పడేసేది. ఆయన తిట్టేవాడు, ఈవిడ నడుం మీద చెయ్యేసుకుని తిరిగి తిట్టేది. ఆ తగువు తెమిలేసరికి నీళ్ళు సరిపోయేవి" అందంట. ఈ సంగతి వీరభద్రానికి ఇప్పటికీ తెలీదు. మీరూ చెప్పకండి.