కుక్క మందు

సుసన్న వాకిట్లోకి వచ్చేసరికి ఆమె ముసలి పిల్లి నిలువునా వణుకుతున్నది. పక్క క్వార్టరు రాజం దాని పక్కనే కూర్చున్నాడు.

“ఓపెన్‌కాస్టు బొగ్గు గనిల బ్లాస్టింగుకు బెదిరింది అక్కా.”

“పుట్టినకాన్నుంచి వింటనే ఉన్నది. ఎన్నడన్న చెవి కదిపిందా? మెడ మీద గీ జిడ్డేంది?”

“పేన్ల మందు. మా కుక్కకు తెచ్చిన. దానికి మస్తు పనిచేసింది.”

“కుక్క మందు పిల్లికి విషం తమ్మీ! ముసలి పానం, దువ్వెనతోటే తియ్యుమన్నడు డాక్టరు. ఎంత పోసినవ్?”

“ఒళ్లంత పేన్లాయె. పాపమని శీశ మొత్తం పోసిన.”

“జల్ది ఆటో పిలువు, పశువుల దవాఖానకు పోదాం.”

సుసన్న పిల్లిని సబ్బు కలిపిన నీళ్ల బకెట్లోకి దించింది. నీళ్ల చప్పుడుకే గోడ దూకే పిల్లి గీరలేదు, అరవలేదు. ఆమె అరచేతిలో గడ్డం ఆనించి ఊరుకుంది.