హద్దు తుమ్మ

దివిసీమలో సముద్రానికి దగ్గరగా పారే మురుగుకాలవ. తెల్లవారుతోంది. గట్టు వాలులో, కూలిన నల్లతుమ్మ మొద్దు కింద కాలు ఇరుక్కుని శోభనాద్రి పడి ఉన్నాడు. గట్టు మీద అతని బాబాయి కొడుకు రత్తయ్య.

“శోభనాద్రిగారూ, మా నాన్న పెద్దకర్మ భోజనాలు కాకముందే హద్దురాయి పీకించారు. ఊరుకున్నాను. కాయితాలు మార్పించారు. కోర్టు చుట్టూ తిరిగాను. ఇవాళ సర్వేయరు వస్తున్నాడనగా, మిగిలిన ఒక్క ఆనవాలూ, ఈ తుమ్మచెట్టు, తెల్లారకుండా వచ్చి కోసేశారు. అది మీ మీదే పడింది. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?”

“గారేంట్రా, మీరేంట్రా! అన్నయ్యని రా నేను! ముందు లాగు!”

“లాగితే వచ్చే మొద్దా ఇది? నలుగురు పట్టినా కదలదు.”

“అయితే ఊళ్ళోకి పరిగెత్తు!”

“సముద్రం పోటు మొదలైంది. నేనొచ్చినప్పుడు నీళ్ళు నీ మోకాలి దగ్గరున్నాయి. ఇప్పుడు తొడ దాటాయి. ఊరు రెండు కిలోమీటర్లు. వెళ్ళొచ్చేసరికి...”

“వెళ్ళొచ్చేసరికి?”

“నీకు తెలీదా? ఈ కాలవ పక్కనే పుట్టావు.”

“రంపం అదిగో, నీ కాళ్ళ దగ్గరే పడుంది. కొయ్యరా!”

“నేను ముట్టుకోను.”

“ఏంటీ?”

“ముట్టుకోను. మొన్న పంచాయితీలో కోపమొచ్చి నిన్ను నరుకుతానన్నాను. ఊరంతా విన్నారు. ఊళ్ళో రంపం మిషను ఉన్నది నా ఒక్కడికే. ఇప్పుడెవరైనా వచ్చి చూస్తే ఏమనుకుంటారు?”

“నేను చెప్తాగా! నా చేతులారా నేనే కోసుకున్నానని నా నోటితో నేనే చెప్తా. మా అమ్మ మీదొట్టు.”

“ఈ మిషను ఎక్కడిది?”

“పోయిన వారం గుడివాడలో కొన్నా. ఎవరికీ తెలీదు. మీ వదినకి కూడా తెలీదు. గోనెసంచిలో పెట్టి తెచ్చా.”

“బాగానే దాచావు.”

“రత్తయ్యా, బొడ్డు దాకా వచ్చాయిరా!”

“ఉండు, ఉండు. ఫోనుంది. రెండు పర్సెంటు చార్జింగుంది.”

“అయితే రికార్డు చేసుకో! రాయి పీకించింది నేనే. హద్దు ఈ చెట్టే. నీ పదిహేడున్నర సెంట్లూ నీకే రాసిస్తా. చెప్పేస్తా, రికార్డు చేసుకోరా!”

“రికార్డు చెయ్యనా, ట్రాక్టరున్న తాతారావ్ మావయ్యకి ఫోన్ చెయ్యనా? ఒక్కదానికే వస్తుంది. చెప్పు, తొందరగా.”

“తాతారావుకే చెయ్యరా.”

“హలో, తాతారావ్ మావయ్యా! నేను రత్తయ్యని. మురుగుకాలవ గట్టు, హద్దు తుమ్మ దగ్గర. శోభనాద్రన్నయ్య చెట్టు కింద పడ్డాడు. పోటొస్తంది. ట్రాక్టరేసుకుని నలుగుర్ని... హలో? హలో? ... పోయింది. విన్నాడో, లేదో.”

“ఇంకేం చూస్తావురా? కొయ్యి!”

“సరే, ఎవరేమనుకున్నా అనుకోనీ. తాడు లాగుతున్నా. మిషను అంటుకోవట్లా. ఏం చేశావు దీన్ని?”

“పడ్డాక నేనే కోసుకుని బయటపడదామని చోక్ పెట్టి లాగా. పాతిక సార్లు లాగా. ఒళ్ళు మండి విసిరేశా.”

“వేడెక్కిన ఇంజనుకి ఎవడైనా చోక్ పెడతాడా? పెట్రోలు తాగి కూర్చుంది. ప్లగ్గు ఊడదీసి తుడవాలి. స్పానరేది?”

“ప్యాంటు జేబులో.”

“ఏ జేబు?”

“కుడి జేబు. మొద్దు కిందున్న వైపు.”

“దేవుడా! కదలకు. చెయ్యి దూరుస్తున్నా.”

“అబ్బా! కాలు, కాలురా!”

“ఓర్చుకో. దొరికింది... జారిపోయింది... ఆఁ, దొరికింది!”

“తొందరగా విప్పరా!”

“విప్పా. చూడు ఈ ప్లగ్గు, నూనెలోంచి తీసిన గారెలాగుంది. తువ్వాలుతో తుడిచా. చోక్ తీసేశా. ఇప్పుడు ఊరికే నాలుగు లాగులు లాగి, ప్లగ్గు బిగించి... రా తల్లీ, రా...”

“అంటుకుంది! అంటుకుందిరా! కొయ్యి!”

“అరవకు!”

“పొగొస్తందేంట్రా?”

“పొగే వస్తంది. పొట్టు రావట్లా. కోత పడట్లా!”

“నాకూ అంతే చేసింది! అందుకే మీదపడి నొక్కా. నొక్కుతుంటే గాలి కొట్టింది. సగం కోసిన చెట్టు నిలువునా చిరిగి నా మీదకొచ్చింది.”

“ఆగు. మధ్యలో చెయిన్ ఊడిందా?”

“ఊడింది. మళ్ళీ వేశా.”

“చీకట్లో వేశావు, తిరగేసి వేశావు. పళ్ళన్నీ వెనక్కి చూస్తున్నాయి. కత్తి వీపుతో కోస్తే కూరగాయైనా తెగుద్దా? చెయిన్ వదులైతే ఊడుద్ది. ఊడినప్పుడు పళ్ళు ఎటున్నాయో చూసి వెయ్యాలి. ఈ ముక్క నేర్చుకోడానికి నాకు ఒక వేలు ఖర్చయింది.”

“పాఠం తర్వాత చెప్పరా! రొమ్ము మీదకొచ్చాయి నీళ్ళు!”

“చెయిన్ మూతకి రెండు నట్లు. రెండే. ఇవి నీళ్ళల్లో పడితే ఇక అంతే. నువ్వు ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు.”

“ఏం మాట్లాడను?”

“ఏదైనా. తలెత్తి నిన్ను చూడలేను. గొంతు వినబడితే చాలు.”

“... చిన్నప్పుడు ఈ చెట్టు మీంచి నిన్ను తోసేశాను. గుర్తుందా?”

“గుర్తుంది. ఒక నట్టు వచ్చింది.”

“నువ్వే ఎక్కి పడ్డావని బాబాయితో చెప్పాను.”

“గుర్తుంది. చెయ్యి విరిగినవాణ్ణి నన్నే కొట్టాడు మా నాన్న. రెండోదీ వచ్చింది. చెయిన్ తిప్పి వేస్తున్నా.”

“అప్పుడు నాకు భయమేసిందిరా. నన్ను కొడతారేమోనని.”

“సరేలే. ఈ రెండో ట్యాంకు ఎండిపోయి ఉంది. చెయిన్‌కి ఆయిలు పొయ్యలేదా?”

“పెట్రోల్లో కలిపాగా?”

“అది ఇంజనుకి. ఇది చెయిన్‌కి. రెండు మూతలు ఎందుకు పెట్టాడనుకున్నావు, అందానికా? ఎండు చెయిన్‌తో ఒక్క కోత రావాలి. మధ్యలో తెగిందంటే నా మొహం మీదకే వస్తుంది.”

“రత్తయ్యా... గెడ్డం...”

“ఇంక మాట్లాడకు. నోరు మూసుకుని ముక్కు పైకెత్తు. చెయిన్ చేత్తో లాగితే కదులుతోంది, వేలాడట్లేదు. చాలు. రా తల్లీ... అంటుకుంది! పొట్టు వస్తోందన్నయ్యా! బియ్యప్పిండిలాగా తెల్లగా వస్తోంది! నీళ్ళకి పైన, మొదలు దగ్గర, కిందనించి పైకి కోస్తున్నా, పైనించి కోస్తే మొద్దు కుంగి రంపాన్ని పట్టేస్తుంది. కాలు కదపకు. జానెడుంది. బెత్తెడుంది. అన్నయ్యా! అన్నయ్యా, పలుకు!”

“...”

“పలకవేంటి అన్నయ్యా! తెగింది! దొర్లింది! కాలవలోకి దొర్లిపోయింది! రా, రా, నా భుజం పట్టుకో!”

“ఉప్పు... ఉప్పునీళ్ళురా...”

“కక్కు. మొత్తం కక్కేయ్. గట్టెక్కావు.”

“కాలుందా?”

“ఉంది. వంకరగా ఉంది గానీ, ఉంది.”

“చచ్చిపోయాననుకున్నానురా.”

“నేనూ అనుకున్నా.”

“నీ రుణం తీర్చుకోలేను తమ్ముడూ.”

“రుణం సంగతి ఎందుకు? పదింటికి సర్వేయరు వస్తాడు. చెట్టు ఎక్కడుందో, రాయి ఎక్కడుండేదో, ఇందాక నాతో అన్నట్టే ఆయనతో అను. అది చాలు నాకు.”

“అంటా. అనకుండా ఎలా ఉంటా? ... అదేం చప్పుడు?”

“ట్రాక్టరు! తాతారావ్ మావయ్యే! విన్నాడన్నమాట! మావయ్యా, ఇటు! ఇటు!”

“ఎవరెవరొస్తున్నారు?”

“ట్రాలీ నిండా జనం. సగం ఊరొచ్చింది. ఉండు, దీన్ని కింద పెట్టి ఎదురెళ్తా.”

“కింద పెట్టకురా. వాలు కదా, కాలవలోకి జారుద్ది. కొత్త మిషను. పట్టుకునే ఉండు.”

“సరే, పట్టుకుంటాలే. ఇంత జరిగినా నీ పిసినారితనం పోలేదు. మావయ్యా, బతికే ఉన్నాడు! కాలొక్కటే విరిగింది!”

“ఏంటయ్యా ఇది శోభనాద్రీ! కాలంతా నెత్తురు! హద్దు తుమ్మని కోసిందెవరు?”

“రంపం ఎవడి చేతిలో ఉందో చూడు తాతారావూ! పదిహేడున్నర సెంట్ల కోసం నన్ను చంపబోయాడు.”