కాళ్లు మొక్కిన్రు గని ఒక్కలు అడగలే

"అవ్వా, తాత గంజాయి తాగెటోడంట గదా, నిజమేనా?"

ఎవలు జెప్పిన్రే నీకు? మీ మేనత్తనే అయ్యుంటది, దాని నోట్ల నువ్వుగింజ నానది. నిజమే బిడ్డా, దాసుడెందుకు. గా ఫోన్ జర దగ్గరికి జరుపు, నా గొంతు రికార్డుల పడుతుందో లేదో.

మా నాయిన నన్ను మీ తాతకు ఎందుకిచ్చిండో ఎర్కేనా? కల్లు ముట్టడని! గసుంటి పిలగాడు దొరికిండని బాన్సువాడ మొత్తం మీసం దువ్వుకుంట తిరిగిండు. బీడీ గూడ తాగకపోతుండె, నేనేమో పొద్దందాక బీడీలు చేసుడు. ఇగ శివుని భజనల చిలుం తిరుగుతది సూడు, గంజాయి చిలుం, గది మాత్రం ఎవ్వలు లెక్కల వట్టలే. అది పరసాదమట. కల్లు తాగితే తాగుబోతు, చిలుం గుంజితే భక్తుడు. గట్లుండె గప్పటి ఇజ్జత్.

మొదట్ల ఎన్నడన్నొకనాడు పోతుండె. అరవైతొమ్మిది తెలంగాణ లొల్లి ఐన ఏడు... కాదు కాదు, ఇంకో రెండేండ్లకు, మా పెద్ద పిలగాడు జరమొచ్చి సచ్చిపోయిండు. అప్పుడప్పుడే మాటలు నేర్సిండు వాడు. నేను మొత్తుకొని మొత్తుకొని ఏడ్సిన. మీ తాత కండ్లల్ల నీళ్లు రాలే. రోజు భజనకు పోవుడు వెట్టిండు. "చిలుం గుంజితే నిద్ర వడుతుందే" అన్నడు. నిజంగనే కొన్నొద్దులు మంచిగ పండుకున్నడు, నేను గూడ పోనీతియ్ అనుకున్న. ఎనుక నిద్ర పాయె, తిండి పాయె. గోడ అవతల ఎవలో తన గురించే మాట్లాడుకుంటున్నరంటడు. పొలం మొఖం సూడడు.

ఒకనాడు భజనల అందరి ముందట అన్నడు, "నాకు బతకబుద్ధి అయితలేదు" అని. వాళ్లేమన్నరనుకున్నవ్? "ఆహా, ఏం వైరాగ్యం!" అని కాళ్లు మొక్కిన్రు. నోటికి పెద్ద తిట్టొస్తుంది గని, నువ్వు రికార్డు చేస్తున్నవ్ గదా. రెండొద్దులు కాలే, బీర్కూర్ నుంచి కొబ్బరికాయలు వట్టుకొని జనం వచ్చిన్రు, సామిని సూస్తమని. ఏ సామి? నా మొగడు!

ఇగ ఇంట్ల సామాను పంచుడు షురూ జేసిండు. చేతి గడియారం తమ్మునికిచ్చిండు. రేడియో ఉండె, వడ్లమ్మి కొన్నది, నన్ను గూడ ముట్టనియ్యకపోతుండె, గది పక్కింటోళ్లకిచ్చిండు. సంసారం మీద మోజు ఇడిసిండని ఊరంత ఒకటే మెచ్చుకునుడు. నా మొఖం మాత్రం సూడకపోతుండె. నిజంగ దేవుని మీద మనసున్నోడు పెండ్లాం మొఖం సూడనీకి ఎందుకు భయపడ్తడు, నువ్వే చెప్పు.

రేడియో ఇచ్చిన తెల్లారి పొద్దుగాల్నే తంబాకు చాట పక్కకు వెట్టి, ఎదురుంగ కూసున్న. "ఏమయ్యా, సచ్చిపోవాలని సూస్తున్నవా?" అని అడిగిన. ఆ మాట నా నోట్లకెళ్లి ఎట్లెళ్లిందో! గట్ల అడిగితే లేని బుద్ధి పుడ్తదని మా అత్త నన్ను తిట్టింది. ఆ బుద్ధి ఎన్నడో పుట్టి ఉన్నది, అడిగితే కొత్తగ పుట్టేదేముంది? మీ తాత "అవునే" అన్నడు, ఎక్కెక్కి ఏడ్సిండు. పిలగాడు పోయినంక అదే మొదలు ఏడ్సుడు.

ఇగ ఇడుస్తనా నేను? చెయ్యి వట్టుకొని నిజామాబాద్ బస్సుకు తీస్కపోయిన. బస్టాండ్ల ఒకామె, పోరని నెత్తి మీద చెయ్యి వెట్టుమని మీ తాత కాళ్ల మీద వడ్డది. "సామికి పానం బాగలేదమ్మా, దవాఖానకు పోతున్నం" అంటె నన్ను కొరకొర సూసింది.

డాక్టర్ మంచోడు. "గంజాయి నీ మొగని దుఃఖాన్ని తగ్గిస్తలేదమ్మా, పెంచుతుంది. దుఃఖమేమో మల్ల గంజాయి కాడికే తోలుతుంది. రెండిటికీ మందు కావాలె. ఒక్కన్నే ఇడువకు" అన్నడు. కొన్నొద్దులు అక్కడ్నే ఉంచుకున్నడు. ఒక్కసారికే అయిపోలే బిడ్డా. నడుమ మల్ల చిలుం వట్టిండు, మల్ల తీస్కపోయిన, మల్ల అడిగిన. మనిషి మనిషైతందుకు శానా రోజులు వట్టింది.

భజనోళ్లు నా మీద మండిపడ్డరు. శివుని కాడికి పోయెటోన్ని గుంజుకొచ్చిన పాపిష్టిదాన్నట నేను. గా భజన పెద్దమనిషి ముసలోడైనంక గూడ ఇడువలే. "ఆనాడు నువ్వు అడ్డం రాకుంటె ఊరికి ఒక సమాధి ఉంటుండె, ఏటా జాతర జరుగుతుండె" అంటుండె.

జరుగుతుండె మరి. మిఠాయి దుకాణాలు, రంగుల రాట్నం, అన్నీ వస్తుండె. మీ నాయినొక్కడు ఈ లోకంలకు రాకపోతుండె. ఆయన పుట్టిందే మీ తాత బాగైనంక గదనే.

ఏడుస్తున్నవా? ఏడువకు పిచ్చిదానా, ఇటు రా. నూరేండ్లు సల్లగుండు. ఎవలన్న బతకబుద్ధైతలేదంటె దండం పెట్టకు, నవ్వకు... పక్కన కూసో. కూసొని అడుగు...