పులుసులో ఉప్పు

కరోనా రెండోసారి ఊళ్ల మీద పడ్డ మే నెల. బందరులో ఓ ఆసుపత్రి గేటు బయట, ఎర్రటి ఎండలో ఇద్దరు తగువులాడుకుంటున్నారు. ఒకరు పాలకాయతిప్పలో ఎండుచేపలు అమ్ముకునే గంగాదేవి. రెండోవాడు లారీ డ్రైవరు వెంకట్, ఆమెకు మేనల్లుడూ అల్లుడూను. లోపల ఉన్నది ఆమె కూతురు, అతని భార్య రేవతి.

“మళ్లీ చెప్పత్తా. జ్వరం ఎప్పుడొచ్చింది దానికి?”

“చెప్పాను గదరా. జ్వరమంటే జ్వరం కాదు, ఒళ్లు వెచ్చబడింది. కడుపుతో ఉన్నప్పుడు మామూలే.”

“మామూలా? ఆయాసమొచ్చి ఆక్సిజన్ పెట్టారు. ఎనిమిదో నెల్లోనే కోసి బిడ్డని బయటికి తీస్తామంటున్నారు. నువ్వేమో ఒళ్లు వెచ్చబడిందంటావు.”

“అరవకురా. అందరూ చూస్తున్నారు.”

“చూడనీ. కడుపుతో ఉందని టీకా వెయ్యం అన్నారు. గుడివాడలో తెలిసిన డాక్టర్లకి ఫోన్ చేస్తే, కరోనా అయితే కాన్పు చెయ్యం అన్నారు. ఇక్కడ చూస్తే లోపలికి రానివ్వరు, ఏం జరుగుతోందో చెప్పరు. నేనెవరి మీద అరవాలి?”

“నా మీదే అరుచుకో. నేనైతే పడతాను.”

“అయితే చెప్పు. దానికి వాసన తెలియట్లేదని నీకు ముందే తెలుసా, తెలీదా?”

“తెలుసు.”

“తెలిసీ ఊరుకున్నావా? వాసనా రుచీ పోతే కరోనా అని ఫోన్ ఎత్తితే చాలు చెబుతున్నారు గదా!”

“సంతోషించానురా. వేవిళ్లు మొదలైన కాణ్ణించి ఎండుచేపల గాలి తగిలితే చాలు, వాంతి చేసుకునేది. ఏడో నెలొచ్చినా తగ్గలేదు. ముక్కుకి చున్నీ కట్టుకునే తిరిగింది. సీమంతమైన నాలుగో రోజు పొద్దున చూస్తే ఉప్పుచేపల తట్ట పక్కనే కూర్చుని చద్దన్నం తింటోంది. కంపు కొట్టట్లేదా అమ్మా అంటే, ఏ కంపూ లేదంది. పోన్లే, వేవిళ్లు తీరినాయి, ఇక నాలుగు ముద్దలు తింటది అనుకున్నా. గంగమ్మకి కొబ్బరికాయ కూడా కొట్టొచ్చా.”

“కొబ్బరికాయ కొట్టావు.”

“కొట్టాను.”

“అసలు దానికి ఎక్కడంటింది? నీ వల్లే. చేపల సంతకి వెళ్లొద్దంటే విన్నావా?”

“నాకు టెస్టు చేసి లేదన్నారు గదా.”

“ఇప్పుడు లేదు. అప్పుడుండుంటది.”

“సరే. అప్పుడుండుంటది.”

“సీమంతం వద్దని మొత్తుకున్నా. చెవిటోడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఊరందర్నీ పిలిచావు.”

“ఊరందరూ ఎక్కడ, గాజులు తొడగడానికి నలుగురు ముత్తయిదువలు. నువ్వూను.”

“నేను రానన్నా. నువ్వు లేకుండా గాజులేంటి బావా అని అది ఏడిస్తే, హౌరాలో లోడు దింపి తిన్నగా వచ్చా. ఒళ్లంతా పచ్చిపుండు. అంత దూరం నుంచొస్తే ఏం పెట్టావు? చప్పటి పులుసు.”

“చప్పగా లేదు.”

“ఉప్పుందా అందులో? అడిగి అడిగి వేయించుకున్నా.”

“అడిగినప్పుడల్లా వేశాను.”

“అయినా చప్పగానే ఉంది. కావాలంటే రేవతిని అడుగు. నా విస్తట్లోనే గదా తింది. మొగుడు తిన్న విస్తట్లో తింటే మంచిదని నువ్వే కూర్చోబెట్టావు.”

“నేనే కూర్చోబెట్టాను. తప్పు నాదే.”

“అదేమంది పులుసు తిని?”

“ఏమీ అనలేదు. చెంబుడు నీళ్లు తాగింది.”

“నీ వంటకి వంక పెట్టలేక ఊరుకుంది.”

“వెంకట్, ఆ రోజు పులుసు తిన్నోళ్లెవరూ...”

“ఎవరూ?”

“ఏం లేదులే. మూతికి మాస్కు పెట్టుకో. నర్సమ్మ వస్తోంది.”

“రేవతి తాలూకు ఎవరండీ?”

“తల్లినమ్మా. ఇతను భర్త.”

“ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండలేదు గదా, బరువు తక్కువ. అద్దాల పెట్టెలో ఉంచాం. ఏడ్చింది, భయం లేదు.”

“రేవతి?”

“ఆక్సిజన్ మీదే ఉన్నారండీ. ఈ రెండ్రోజులు గడవాలి. అంతకన్నా చెప్పలేను.”

“పిల్లకి పాలిస్తే అంటుకుంటదా అమ్మా?”

“ఆవిడ తేరుకున్నాక మాస్కు పెట్టుకుని ఇవ్వచ్చు. మీ ఇంట్లో ముందెవరికి వచ్చిందో డాక్టరుగారు అడగమన్నారు.”

“నాకేనమ్మా. ముందు నాకే.”

“ఇప్పటికి ఒప్పుకున్నావు గదత్తా.”

“ఒప్పుకున్నాను నాయనా.”

“సరేనండీ. వెంకట్ గారంటే మీరే కదా? ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే మీ ఆవిడ మాస్కు పక్కకి జరిపి, మిమ్మల్ని ఒక మాట అడగమన్నారు. నాకైతే అర్థం కాలేదు.”

“ఏమడగమంది?”

“‘మా బావకి ఇప్పుడు ఉప్పు తెలుస్తోందా’ అని.”